ఉల్లిపాయల మైకులో పదమూడో ఎక్కం

మా వీధి బడిని రోడ్డవతలి బడిలో కలిపేసిన ఏడాది నేను పంతులమ్మనయ్యాను. దాచేపల్లిలో రోడ్డంటే సిమెంటు లారీలు. కుక్కలు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించి దాటుతాయి. ప్రైవేటు బడి మా తాహతుకు మించింది. మా ఆయన ట్రాలీ ఆటోలో ఉల్లిపాయలేసుకుని ఊరూరా తిరిగి అమ్ముతాడు. నేను ఇంటర్ దాకా చదివినదాన్ని కాబట్టి, పదేళ్ల కూతురికీ ఎనిమిదేళ్ల కొడుక్కీ ఇంట్లోనే చెప్పుకుంటానని పంతం పట్టాను. పాత పుస్తకాలు అడిగి తెచ్చుకున్నాం. బీరువా తలుపే నల్లబల్ల అయింది.

అడ్డం తగిలింది మా అత్త. ఆమెకు చదువంటే చప్పుడు. ఏ ఇంట్లో పిల్లలు గొంతు చించుకుని అరిస్తే ఆ ఇంట్లో చదువుతున్నట్టు లెక్క. పొద్దున్నే అరుగు మీద కూర్చుని చెవి ఇంట్లోకి పెట్టేది. లోపలేమో నా కూతురు పెదవి కదపకుండా చదువుతుంది. పైకి చదవమంటే, "అరిస్తే నాకు అర్థం కాదమ్మా" అంటుంది.

"ఏమే, ఇంట్లో పిల్లలున్నారా, పిల్లులున్నాయా? ఒక్క అచ్చరం ఇనపడదే! దసరా దాకా చూస్తా. ఇట్టాగే ఉంటే ఇద్దర్నీ మాచర్ల పంపిచ్చేస్తా. మీ ఆడబిడ్డ దగ్గరుండి బళ్లో ఏసుకుంటది" అంది.

మా అత్త అన్నంత పనీ చేసే మనిషి. పిల్లలు లేని ఇంట్లో నేనుండలేను. అప్పుడు నా కళ్లు ఆటో మైకు మీద పడ్డాయి. అందులో రెండు మాటలు రికార్డు చేసుకోవచ్చు. ఒక మీట నొక్కితే మా ఆయన గొంతు ఉల్లిపాయలమ్ముతుంది. రెండో మీట ఖాళీగా ఉంది.

నా కొడుకు గొంతు గురించి చెప్పాలంటే, వాడు తుమ్మితే పక్కవీధిలో కోళ్లు లేస్తాయి. వాడితో పదమూడో ఎక్కం చెప్పించి రికార్డు చేశాను. రోజూ పొద్దున మా ఆయన బయల్దేరేదాకా ఆ మైకును లోపలి గది కిటికీ దగ్గర, తెర చాటున పెట్టేదాన్ని. వాడి గొంతు గదిలో ఎక్కం చదువుతుండేది, వాడు దొడ్లో గోళీలాడుతుండేవాడు. కూతురు వంటింట్లో తన పుస్తకం తను చదువుకునేది. నేను ప్రశాంతంగా కూర తరుక్కునేదాన్ని. అరుగు మీద మా అత్త తల ఊపుతూ, దారిన పోయేవాళ్లకు చెప్పుకునేది.

"మా మనవడు చూడు, అలుపే లేదు ఎదవకి!"

మైకుకు అలుపెందుకుంటుంది?

ఒకరోజు రెండో మీటలో ఉల్లిపొట్టు ఇరుక్కుని నొక్కింది నొక్కినట్టే బిగుసుకుపోయింది. మా ఆయన చూసుకోకుండా, పెందలాడే మైకును ఆటోకు తగిలించుకుని కారంపూడి వెళ్లిపోయాడు. ఊళ్లోకి పోయి నొక్కితే, "పదమూడు ఒకట్ల పదమూడు!" మరో మాట పలకదు. మైకు లేకపోతే ఎవరూ బయటికి రారు, సరుకేమో కుళ్లిపోతుంది. చేసేదిలేక ఎక్కం చదివించుకుంటూనే వీధులన్నీ తిరిగాడు.

ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారట. ఒకావిడ కొడుకును రెక్క పట్టుకుని తెచ్చి, "ఏ బడయ్యా మీది? ఈడికి సీటుందా?" అందట. ఇంకో ముసలమ్మ, "ఏందయ్యా, పిల్లల్ని అమ్ముతున్నావా?" అని నిలదీసిందట. అందరూ నవ్వుకుని, వచ్చినందుకు తలా ఇంత ఉల్లిపాయలు కొనుక్కుపోయారట. మధ్యాహ్నానికల్లా ఖాళీ ఆటోతో ఇంటికొచ్చాడు.

"ఏమే, చానా బాగుందే! రేపు పద్నాలుగో ఎక్కం పెట్టు" అన్నాడు.

నేను నవ్వుతుంటే ఇంకో సంగతి చెప్పాడు. అక్కడ ఒక రిటైరైన పంతులుగారు ఆటో ఆపించారట. పదమూడు ఏడ్ల తొంభై ఒకటి అయితే మావాడు తొంభై మూడు అంటున్నాడట. "మీవాడికి ఎక్కం రాలేదయ్యా, పాట వచ్చింది" అన్నారట. నేను ఆ మాటను పట్టించుకోలేదు.

ఆపాటికి ఇంట్లో బండారం బయటపడే ఉంది. మైకు లేని ఆ పొద్దున మా అత్త లోపలికొచ్చి చూస్తే, ఒకతె మూగగా చదువుతోంది, ఒకడు దొడ్లో గోళీలు గురి చూస్తున్నాడు. నేను చెప్పిన సాకులేవీ ఆమె వినలేదు. మా ఆయన రాగానే మాచర్లకు ఫోను చేయించి, మా ఆడబిడ్డను లైన్లో ఉంచి, పిల్లలకు పరీక్ష పెట్టింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. అయినా అంత కట్టుదిట్టమైన పరీక్ష నేను ఇంటర్‌లో కూడా రాయలేదు.

బజ్జీలు చుట్టిన పేపరు ముక్క నా కూతురికిచ్చింది. "నీ పద్ధతిలోనే చదువు. చదివి ఏముందో చెప్పు."

కూతురు ఒక నిమిషం చూసి చెప్పింది. "కోతి కరెంటు స్తంభం ఎక్కిందంట నాయనమ్మా. ఊరంతా కరెంటు పోయిందంట. కోతికేం కాలేదంట."

"కోతి సంగతి పేపర్లో ఎందుకేస్తారే?" అంటూ మా అత్త ఆ ముక్కను మనవడి చేతిలో పెట్టింది. "ఒరేయ్, నువ్వు పైకి చదువు. కోతుందో లేదో తేలుద్ది."

వాడు పేపరు వంక చూశాడు, నా వంక చూశాడు. గుండెల నిండా గాలి పీల్చుకుని, "పదమూడు ఒకట్ల పదమూడు!" అని అరిచాడు.

"కోతేదిరా?"

"పదమూడు రెళ్ల ఇరవయ్యారు!"

మా ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. మా అత్త ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"పిల్ల ఇక్కణ్నే ఉంటదే. పిల్లోణ్ని పంపిస్తా."

వాడు పేపరు పారేసి ఆమె కాళ్లకు చుట్టుకున్నాడు. "పంపొద్దు నాయనమ్మా. ఇంకా గట్టిగా చదువుతా. ఇంకా గట్టిగా చదువుతా!"

గట్టిగా అరవడమే చదువని వాడికి నేర్పింది మా అత్త కాదు, నేనే. సిగ్గుతో నా తల వాలిపోయింది. పిల్లదాని గురించి భయపడీ భయపడీ, వీడు ఎట్లాగూ అరుస్తాడులే అని వదిలేశాను.

"దసరా దాకా ఆగు అత్తా" అన్నాను.

"ఇన్నాళ్లు చెప్పి ఏం ఒరగబెట్టావే, ఇప్పుడు ఆగడానికి?"

"వీడికి నేనింకా చెప్పడం మొదలుపెట్టలేదు" అన్నాను.