రేపటి కాలుకు ఇయ్యాల బూటు

ప్రియులారా, మా తోడల్లుడు పోయాడన్న కబురు నాకు ఇచ్చోడ అనే ఊళ్లో అందింది. పొద్దున పదకొండు గంటలకు, ఒక విశ్వాసి ఇంటి ముందు షామియానా కింద వాక్యం చెబుతున్నాను. జేబులో ఫోన్ ఆగకుండా వణుకుతుంటే తీశాను. నా భార్య.

"బావ పోయిండు. దుకాణంల కూసున్నకాడనే ఒరిగిండట. జల్ది రా."

కరీంనగర్ బస్సులో కూర్చున్నాక నాకు మొదట వచ్చిన ఆలోచన రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ ఇతరుల పాపాలను మైకులో చెప్పేవాడు తన పాపాన్ని గొణగకూడదు. 'ఈయన సమాధికి నా సభలన్నిటికంటే ఎక్కువ జనం వస్తారు' అనుకున్నాను.

అట్లాగే వచ్చారు.

ఆయన నా భార్య అక్క భర్త. స్టేడియం వెనక సందులో ఒక్క షట్టరు దుకాణం. మొదట్లో బడిసంచులు, బూట్లు కుట్టేవాడు. ఊళ్లో పిల్లలు స్కేటింగ్ హాకీ మొదలుపెట్టాక, అంటే చక్రాల బూట్లతో సిమెంటు నేల మీద ఉరుకుతూ కర్రలతో బంతి కొట్టే ఆట, ఆ స్కేట్లు అమ్మడమూ, పిల్లల కాళ్లకు కుదర్చడమూ తనే నేర్చుకున్నాడు. నేనూ అంతే. ఏ బైబిలు కళాశాల గడపా తొక్కలేదు; పరిశుద్ధ గ్రంథం అట్టలు ఊడేదాకా చదివి నేర్చుకున్నవాణ్ని. ఇద్దరం ఒకే ఇంటి అల్లుళ్లం. అయినా కూరలో మూలుగ నిండిన నల్లిబొక్క ఎప్పుడూ ఆయన పళ్లెంలోనే పడేది.

"నువ్వు ఉపాసాలుండేటోనివి గద బిడ్డా, నీకు పులుసు సాలు," అనేది మా అత్త.

ఆయన నవ్వుతూ ఆ బొక్క తీసి నా అన్నం మీద పెట్టేవాడు. దానికి నాకు ఇంకా మండేది.

నేను రెండు గంటలు గొంతు చించుకుంటే జనం గడియారం చూసేవారు. ఆయన చివరి వరుసలో కళ్లు మూసుకుని కూర్చునేవాడు. ఆరాధన అయిందంటే పిల్లలంతా ఆయన చుట్టూ చేరేవారు. అందులో ముందుండేది నా బిడ్డే. "పెద్దబాపు గిట్ల చెప్పిండు, పెద్దబాపు గట్ల చెప్పిండు." ఇంట్లో నా మాట కన్నా ఆ మాట ఎక్కువ వినపడేది. జనం దావీదును పొగిడితే ఓర్వలేని సౌలు రాజు చేతిలో ఈటె ఎందుకు కదిలిందో నాకు ఎవరూ వివరించనక్కరలేదు.

బిడ్డ జిల్లా జట్టు ఎంపికకు వెళ్తానన్నప్పుడు స్కేట్లు నేనే కొంటానన్నాను. ఆయన దుకాణానికి మాత్రం పోలేదు. వేరే అంగడిలో రెండు సైజులు పెద్దవి తీసుకున్నాను. మన ఇళ్లలో బడిబూట్లు అట్లాగే కొంటాం కదా, పెరిగే పిల్ల, రెండేళ్లు వస్తాయని. వేళ్ల దగ్గర దూది కూరి, "ప్రభువు పేరట ఎక్కు," అన్నాను. నాలుగు రోజులకే మడమలు ఒరుసుకుపోయి పొక్కులు లేచాయి. చీలమండలు లోపలికి ఒరిగిపోతున్నాయి. ఎంపికకు ఇంకా వారం ఉంది. "నేను పోను బాపూ," అని ఏడ్చింది. అయినా నేను ఆయన దగ్గరకు తీసుకెళ్లలేదు. నా భార్యే తీసుకెళ్లింది.

తగువు పెట్టుకుందామనే వెనకాలే పోయి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. నా బిడ్డ పాదం ఆయన ఒళ్లో ఉంది. నేను కొన్న బూటు లోపలి మెత్త బయటికి లాగి నేల మీద పరిచి, దాని మీద నిలబడమన్నాడు. ముందు వేళ్ల దగ్గర రెండు వేళ్ల జాగా మిగిలింది. చిటికెన వేలు పక్కన మాత్రం పాదం మెత్త దాటి బయటికి వచ్చింది.

"చూడు తమ్మీ," అన్నాడు, తల ఎత్తకుండానే. "పొడుగు అందరు చూస్తరు, అడ్డం ఎవ్వలు చూడరు. గీ పిల్ల పాదం వెడల్పుది. పొడుగు ఎక్కువ కొన్నా అడ్డం సరిపోదు. కాలు ముందుకు జారుతది, పక్కకు ఒత్తుకుంటది."

"పెరిగే పిల్ల గదన్నా," అన్నాను.

"రేపటి కాలుకు ఇయ్యాల బూటు కొనకుండ్రి. ఆట ఇయ్యాలది." ఆగి, కన్ను గీటాడు. "దావీదుకు సౌలు కవచం తొడిగితె నడ్వరాలేదని మొన్న ఎంత మంచిగ చెప్పినవ్ తమ్మీ! నేను నిద్రపోతున్న అనుకున్నవా?"

నా బిడ్డ ఏడుపులోనే ఫక్కున నవ్వింది.

పొట్టివీ వెడల్పువీ అయిన జత తీశాడు. మడమతో నేలను రెండు దెబ్బలు కొట్టించి, కాలు వెనక్కి కూర్చున్నాక లేసులు బిగించాడు. "నిలవడితె బొటనవేలు ముందట జర తాకాలె. మోకాళ్లు వంచితె ఎనుకకు రావాలె. మడిమె లేవొద్దు. పావుగంట గిట్లనే నిలవడు బిడ్డా, కాలు ఏమంటదో విందాం." పావుగంట ఆయన నోరు విప్పలేదు. నేను ఎప్పుడైనా పావుగంట ఊరుకున్నానా?

బిడ్డ జట్టులోకి వచ్చింది. స్టేడియంలో నేను చేతులు చాపి నిలబడ్డాను. ఆమె నన్ను దాటి ఆయన దగ్గరకు పోయి, బూట్లు విప్పి, పొక్కులు మానిన మడమలు చూపించింది. నేను ఆయనకు కృతజ్ఞత చెప్పలేదు. "అంతా దేవుని కృప," అన్నాను గట్టిగా. "ఆమెన్ తమ్మీ," అన్నాడాయన, నిజంగానే.

సమాధి దగ్గర వాక్యం నేనే చెప్పవలసి వచ్చింది. ప్రభువు తువాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగిన సంగతి ఎత్తుకున్నాను. ఆ ప్రసంగం ఎన్నేళ్లుగానో చెబుతున్నాను, ఒక్క పాదమూ పట్టుకోలేదు. ఎదురుగా పిల్లలు, మెడల్లో లేసులకు వేలాడుతున్న స్కేట్లు. బైబిలు మూశాను. "నా బిడ్డను నిలబెట్టింది ఈయన. నేను కాదు," అని మాత్రం అని పక్కకు జరిగాను. నా ప్రసంగాల్లో అంత చిన్నది లేదు. ఎవరూ గడియారం చూడలేదు.

మొన్న బిడ్డ వేళ్లు బూటు ముందు గోడకు ఒత్తుకుంటున్నాయి. కాలు పెరిగింది. ఆయన భార్య, మా వదిన, దుకాణం నుంచి ఒక అట్టముక్క తెచ్చి ఇచ్చింది. దాని మీద నా బిడ్డ పాదం ఉంది, అప్పుడు బూట్ల కొలతకు ఆయన పెన్సిల్‌తో గీసినది. నేను దాన్ని నేల మీద పరిచి, మోకాళ్ల మీద కూర్చున్నాను. బిడ్డ ఆ గీత మీదే కాలు పెట్టి బరువు వేసి నిలబడింది.

"పెన్సిల్ ఒరగనియ్యకు బాపూ, నిలువుగ పట్టు. పెద్దబాపు గట్లనే పట్టేటోడు."

ఆ మాటకు లోపల పాత మంట లేచింది. చచ్చిన మనిషి మీద కూడా. అయినా నిలువుగా పట్టాను. ఎడమ చేత్తో ఆమె మడమ పట్టుకుని గీశాను.

ఆమె కాలు తీసింది. లోపల ఆయన గీత, ఒక్క వంకర లేకుండా. దాని చుట్టూ నాది, చిటికెన వేలు దగ్గర వణికి, మడమ దగ్గర రెండుసార్లు పడి. రెండింటి మధ్య బియ్యపు గింజ పట్టేంత జాగా, ఆయన చూడకుండా ఆమె పెరిగినంత.