పెదనాన్న కంట్లో కిటికీ

మొన్న పర్చూరులో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాలకు ముందు పెద్ద తెర మీద పెళ్ళికూతురి తాతగారు నడిచొచ్చి, చేతులెత్తి దీవించారు. ఆయన పోయి ఏళ్ళయింది. ఇప్పుడిదంతా మామూలైపోయిందిలెండి, ఒక్క ఫోటో ఇస్తే చాలు, పోయినవాళ్ళను ఫోన్లోనే నడిపించేస్తున్నారు. పందిరంతా కళ్ళొత్తుకుంటోంది. నేను మాత్రం ఆ మహానుభావుడి కనుపాపల్లో మెరుస్తున్న తెల్లటి కిటికీనే చూస్తూ కూర్చున్నాను. ఆయన నిలబడింది పొగాకు చేలో. చేలో కిటికీ ఎక్కడిదండీ? పక్కావిడ "అచ్చం ఆయనే కదూ" అంటే తలూపాను గానీ, ఆ తర్వాత తిన్నదేమిటో నాకు తెలియలేదు. మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. పత్తి తీతలకీ మిరప కోతలకీ కూలికి వెళ్ళే మనిషి. గొంతు పెద్దది. చేను ఈ చివర ఆమె మాట్లాడితే ఆ చివరివాళ్ళు జవాబు చెప్పేవాళ్ళు. పెదనాన్న చర్చిలో సంఘపెద్ద, మెత్తని మనిషి. కంటి శుక్లాలు తీయించుకున్నప్పుడు ఆస్పత్రివాళ్ళిచ్చిన నల్లద్దాలు ఆయనకెంత నచ్చాయంటే, కన్ను మానాక కూడా వాటిని వదల్లేదు. పెళ్ళి ఫోటోల్లో నల్లద్దాలే, క్రిస్మస్ ఫోటోల్లో నల్లద్దాలే, చివరికి మేకపిల్లను ఎత్తుకుని దిగిన ఫోటోలో కూడా అవే. ఒక మధ్యాహ్నం, పెద్దమ్మ కోతలో ఉండగా, ఆయన ఇంట్లో మంచం మీదే కన్నుమూశారు. కబురందుకుని ఆమె పరుగెత్తుకొచ్చేసరికి ఎవరో రెప్పలు మూసేశారు. ఆ మూసినవాళ్ళను ఆమె ఏడాది పొడుగునా తిడుతూనే ఉంది.

ఏడాది జ్ఞాపకార్థ కూడిక దగ్గరపడుతుండగా నాకు ఫోన్ చేసింది. అప్పుడు నేను తాడేపల్లిలో ఒక ఆఫీసులో పిల్లల సీరియళ్ళకు త్రీడీ బొమ్మలు చేసేదాన్ని. "అమ్మాయ్, నువ్వు కంప్యూటర్లో మనుషుల్ని చేస్తావంటగా. మీ పెదనాన్నని చెయ్యవే. ఆ దిక్కుమాలిన అద్దాలు తీసెయ్. నా వంక చూస్తన్నట్టు పెట్టు. పోయేటప్పుడు నన్ను చూడలేదే ఆయన!" అంది. టోపీ పెట్టుకున్న ఏనుగుల్ని చేసుకుంటూ బతుకుతున్నదాన్ని, కాదనడానికి నాకు నోరు రాలేదు.

ముఖం బాగానే కుదిరింది. ల్యాప్‌టాప్ పట్టుకుని ఊరెళ్ళి చూపించాను. "ముక్కు ఆయనదే. చెవి మీద ఎంట్రుకలు కూడా ఆయనయ్యేనే" అని మురిసిపోయి, ఇంకాస్త దగ్గరికి జరిగి, "కంట్లో ఆ కిటికీ ఎవరిదే?" అంది. "మనింటికి అట్టాంటి కిటికీ ఏదీ? ఎవరింట్లో కూర్చున్నాడీయన?" కన్నంటే తడిసిన గోళీలాంటిది, చుట్టూ ఏముంటే అది అందులో కనబడుతుంది. కంప్యూటర్లో బొమ్మ చుట్టూ ఏమీ ఉండదు గనక, వెలుగు కోసం ఏదో ఒక గది ఫోటోను చుట్టూ కప్పుతాం. నేను కప్పింది ఏ దేశంలోదో, ఎవరిదో గది. ఇదంతా ఓపిగ్గా వివరిస్తే, "అయితే ఆ గదిలోంచి బయటికి తీసుకురా" అంది, అదేదో ఆటోలో తీసుకొచ్చే పనైనట్టు.

మెరుపు మొత్తం తీసేశాను. కిటికీ పోయింది, చూపూ పోయింది. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "వద్దే తల్లీ, పీనుగ చూపది, తియ్యి" అంది. సరే, వాళ్ళ ఇంటి చుట్టూనే ఫోటోలు తీసి కప్పుదామని గొప్ప ఆలోచన చేశాను. ఇంటి పక్కనే కల్లం, కల్లం నిండా ఎండబోసిన మిరపకాయలు. అవి కప్పేసరికి బొమ్మలో పెదనాన్న కళ్ళు రెండూ చింతనిప్పులయ్యాయి. తొంగిచూసిన పొరుగాయన "సంఘపెద్దగారు మందెప్పుడు మొదలెట్టారమ్మా?" అన్నాడు. పెద్దమ్మ ఆయన్ని వీధి మలుపుదాకా తరిమొచ్చింది. ఎరుపు తగ్గిస్తే పచ్చకామెర్లు వచ్చినట్టుంది. చుక్కంత మెరుపు పెడితే పెదనాన్న కాస్తా దొంగచూపులు చూశాడు, పక్కకి జరిపితే గోడ గడియారాన్ని చూశాడు. ఆమె వంక మాత్రం చూడలేదు. నాకు తెలిసిన విద్యలన్నీ అయిపోయాయి. ఎదురుగా కూర్చుని ఆ మనిషి అడుగుతున్నది ఒకే ఒక్క చూపు, అది నాకు చేతకావడం లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, కీబోర్డు మీద తల పెట్టి ఏడ్చాను.

పెద్దమ్మే నా వీపు నిమిరింది. "పోన్లేవే, నువ్వెందుకు ఏడవటం. కళ్ళు మూయించు. ప్రార్థన చేసుకునేటప్పుడు మూస్తాడుగా, అట్టా పెట్టు. నాకు చూపొద్దులే" అంది. రెప్పలు దించడం చిటికెలో పని. దించాను, చేతులు జోడించాను. పెదనాన్న ఎంత చక్కగా ఉన్నాడో! ఆ కాస్తా అయ్యాక నాకు ఆకలి కూడా వేసింది.

కూడిక రోజు చర్చి గోడ మీద తెర కట్టి ఆయన్ని చూపించారు. వచ్చినవాళ్ళంతా బాగుందన్నారు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. తెర మీద పెదనాన్నా, కుర్చీల్లో మేమూ తలలు వంచి కళ్ళు మూసుకున్నాం. పాస్టరుగారు ఆమెన్ అన్నారు, మేమూ ఆమెన్ అన్నాం, అందరం కళ్ళు తెరిచాం. పెద్దమ్మ తెర వంకే చూస్తోంది. జనం కుర్చీలు జరుపుకుంటూ భోజనాలకు లేస్తున్నా అలాగే చూస్తోంది. కాసేపటికి నా చెయ్యి పట్టుకుంది. ఆమె అంత మెల్లగా మాట్లాడగా నేనెన్నడూ వినలేదు.

"ఆమెన్ అయిపోయిందిగదే. ఇంకా తెరవడేందే?"

ఇప్పుడు ఆ కళ్ళు తెరిపించడం నాకు వచ్చు, ఆమె వంక చూపించడమూ వచ్చు. కాలం నాకు ఆ పని నేర్పి, పెద్దమ్మను తీసుకుపోయింది.