పడని గేరు

నిన్న సిగ్నల్ దగ్గర ఎవరిదో పాత బండికి గేరు పడక ఇంజను ఒక్కసారిగా అరిచింది. నాకు నాన్న బండి గుర్తొచ్చింది.

చిన్నప్పుడు నాన్న నన్ను పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని అక్కుపల్లి నుంచి పలాస చర్చికి తీసుకెళ్లేవాడు. ఒక ఆదివారం సరిగ్గా రైలు పట్టాల మీద గేరు జారిపోయింది. ఇంజను గోల పెడుతోంది, బండి మాత్రం కదలదు. ఇంతలో గేటు గంట మోగింది.

"నాన్నా, రైలొచ్చెత్తాది!"

"బయపడకమ్మా. బండి ముసిల్దైపోనాది, ఏటి సేత్తాం?" అంటూ నాన్న గేరు రాడ్డును కాలితో మళ్లీ మళ్లీ నొక్కాడు. చివరికి దిగి, కుంటుతూ తోశాడు.

ఆ రోజు చర్చిలో కళ్లు గట్టిగా మూసుకుని, బండిని బాగుచెయ్యమని దేవుణ్ణి వేడుకున్నాను.

కొన్నాళ్లకు మావయ్య, ఏ రిపేరూ చేయించని అదే బండి మీద ఊరంతా తిరిగొచ్చాడు. "గేర్లు ఎన్నలాగ పడతన్నాయి బావా!" అన్నాడు.

నాన్న కాలు చాపుకుని కూర్చున్నాడు. అమ్మ ఆయన వాచిన పాదాన్ని వేలితో నొక్కి చూస్తోంది. పడిన గుంట ఎంతకీ పూడలేదు. కిడ్నీలు చెడితే అలా వాస్తుందని మా ఉద్దానంలో పెద్దవాళ్లందరికీ తెలుసు.

నేను మాత్రం దేవుడు నా మాట విన్నాడని గంతులేశాను.