లావత్త వేషం

నేను కూర్చుంటే కుర్చీ విరగాలి. నాలుగేళ్ళపాటు నా పని అదే. ప్లాస్టిక్ కుర్చీ వెనక కాలు ఒకటి ముందే సగం కోసి ఉంచేవారు. నేను కొంగు దోపుకుంటూ వచ్చి, కోడల్ని నాలుగు తిట్లు తిట్టి, ధబీమని కూలబడాలి. కోడలు పరుగెత్తుకొచ్చి "అయ్యో అత్తా, కుర్చీకి ఏమన్న దెబ్బ తగిలిందా?" అని అడగాలి. ఇంతే సీను. దీన్ని ఎంతమంది ఫోన్లలో చూసి నవ్వారో లెక్కలేదు. ఎన్నిసార్లు విరిగితే అన్నిసార్లు నవ్వారు. నాకు నడుం నొప్పి వచ్చింది గానీ వాళ్ళకు విసుగు మాత్రం రాలేదు.

ఎల్లారెడ్డిలో నాదొక చిన్న టైలరింగ్ దుకాణం. జాకెట్లు, ఫాల్సులు, పిల్లల లంగాలు కుడతాను. మా డైరెక్టరు నాకంటే చిన్నవాడు. కామారెడ్డిలో పెళ్ళి వీడియోలు తీసి తీసి, యూట్యూబులో ఊరి కామెడీ వీడియోలు మొదలుపెట్టాడు. ఒకరోజు కోడలి వేషానికి జాకెట్ కుట్టించడానికి నా దుకాణానికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే నేను ఒకామెను దులిపేస్తున్నాను. పొద్దున గుడ్డ ఇచ్చి మధ్యాహ్నానికి జాకెట్ కావాలట! "నాకేమన్న మంత్రాలొస్తయా? మిషన్ ముందల గుడ్డ పెడితే జాకెట్ అయ్యి బయటికొస్తదా?" అంటున్నాను. అతను నన్ను పైనుంచి కిందకీ, ఆ తర్వాత ఇంకా ఎక్కువసేపు అడ్డంగానూ చూసి, ఫోన్ పైకెత్తి, "అక్కా, ఇంకోసారి తిట్టవా?" అన్నాడు. నేను అతన్నే తిట్టాను. వేషం వచ్చేసింది.

అప్పుడు నా బరువు తొంభై రెండు కిలోలు. దాచడానికేముంది, కెమెరాలో నిండుగా కనబడేది. పాత్రకు పెట్టిన పేరు లావత్త. జనం నా అసలు పేరు మర్చిపోయారు, నేనూ పెద్దగా గుర్తుచేయలేదు.

ఈ వేషమంటే నాకు పిచ్చి ప్రేమ. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే తర్వాత నేను చేసిన బుద్ధితక్కువ పని మీకు అర్థం కాదు. బడిలో నన్ను తాడాటలో చేర్చుకునేవారు కాదు, భూమి అదురుతుందని. షేర్ ఆటో ఎక్కబోతే లోపలున్నవాళ్ళు "జాగ లేదు, జాగ లేదు" అని కాళ్ళు చాపుకునేవారు. పెళ్ళిళ్ళలో ఫోటో దిగేటప్పుడు నన్ను వెనక వరసలో నిలబెట్టేవారు, ముందు నిలబెడితే ఇద్దరు ముగ్గురు మాయమైపోతారని. అలాంటిది వీడియోలు వచ్చాక ఒక బడి ఫంక్షన్‌కు పిలిచి శాలువా కప్పారు. బాన్సువాడ బస్సులో ఒక ముసలామె లేచి తన సీటిచ్చి, నా బుగ్గలు పుణికి, "నిన్ను చూస్తే నా పానం లేచొస్తది బిడ్డా" అంది. ఏ ఒంటిని చూసుకుని ఏడ్చేదాన్నో ఆ ఒంటికే సీటు దొరికింది. ఆ రోజు నేను కిటికీవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

షూటింగులో భోజనాల వేళ ఒక విచిత్రం జరిగేది. నాకు డబుల్ బిర్యానీ పొట్లం వచ్చేది, పక్కన గిన్నె నిండా డబుల్ కా మీఠా. కోడలు పిల్లకు రెండు కీర దోసకాయలు. "నీ నడుము కనబడాలె చెల్లే, సాంగ్ ఉన్నది గదా" అనేవాడు డైరెక్టర్. నాకేమో "తినక్కా, మొహమాటపడకు" అని బతిమాలేవాడు. ఆ పిల్ల నా పొట్లం వంక చూసే చూపుకు ముద్ద దిగేది కాదు. పోచారం చెరువు దగ్గర పాట తీస్తుంటే ఒకసారి కళ్ళు తిరిగి పడిపోయింది కూడా. లేపి నీళ్ళు తాగించి మళ్ళీ గంతులేయించారు. మా ఇద్దరి తిండి ఒక దగ్గర పోసి సగం సగం పంచితే ఇద్దరం సుఖంగా ఉండేవాళ్ళం. కానీ మామూలుగా తిన్న ఇద్దరు ఆడవాళ్ళతో డైరెక్టర్ ఏం చేసుకుంటాడు?

మూడేళ్ళు దాటాక నాకు ఒకటే దాహం. సీను మధ్యలో మాటిమాటికీ బయటికి పోవలసి వచ్చేది. అరికాళ్ళలో మంటలు. మా ఆయన షేర్ ఆటో తోలుతాడు. ఒకరోజు కిరాయి మానుకుని నన్ను కామారెడ్డి తీసుకుపోయాడు. రిపోర్టు చూసేముందు డాక్టరు నాతో సెల్ఫీ దిగాడు. "మా ఇంట్ల అందరం మీ వీడియోలు చూస్తమమ్మా" అన్నాడు. కుర్చీ చూపించి, "కూసోండి, ఇది విరగదు" అని తనే నవ్వుకున్నాడు. కాగితం తిప్పాక ఆ నవ్వు పోయింది.

"షుగర్ మస్తున్నది. మాత్రలు రాస్తున్న గానీ, మీరు బరువు తగ్గాలె. పదిహేను కిలోలన్న తగ్గాలె."

"తగ్గితే నా వేషం పోతది సార్."

"తగ్గకపోతే మీరే పోతరమ్మా."

ఇంత మంచి డైలాగు మా డైరెక్టరు నాలుగేళ్ళలో ఒక్కటి రాయలేదు.

మర్నాటినుంచి పొద్దున్నే నడక మొదలుపెట్టాను. ఎల్లారెడ్డిలో ఒక ఆడమనిషి ఊరికే నడవడం ఎంత కష్టమో నడిస్తే గానీ తెలియదు. ప్రతి ఆటో ఆగేది. "ఎటు పోవాలె అక్కా, ఎక్కు." ఎక్కడికీ లేదంటే నమ్మరు. "ఎవరన్న పోయిన్రా?" అని మెల్లగా అడిగేవాళ్ళు. చివరికి చేతిలో ఒక ఖాళీ పాలక్యాన్ పట్టుకున్నాను, అప్పుడు అందరికీ మనశ్శాంతి. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తిన్నాను. షూటింగు బిర్యానీని గుట్టుచప్పుడు కాకుండా కోడలు పిల్లకు తోశాను, అది గోడ చాటుకు పోయి రెండు నిమిషాల్లో పొట్లం ఖాళీ చేసేది. ఎనిమిది నెలలకు డెబ్బై అయిదుకు దిగాను. షుగర్ కూడా మాట విన్నది.

ఊరు మాత్రం మాట వినలేదు. తొంభై రెండు కిలోలప్పుడు షుగర్‌తో ఉన్నా ఎదురైన ప్రతివాళ్ళూ "మంచిగైనవ్" అనేవారు. ఇప్పుడు కాస్త కుదుటపడేసరికి "ఏంది గిట్ల చిక్కినవ్? షుగర్ వచ్చిందా?" అని పరామర్శలు. మా అమ్మను మేం అవ్వ అంటాం, ఆమె అయితే నన్ను చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. "అల్లుడు తిండి పెడ్తలేడా బిడ్డా?" అంది. పాపం, పక్కనే నిలబడ్డ మా ఆయన ముఖం చూడాలి. వీడియోల కింద కామెంట్లు ఇంకా ఘోరం. "అత్త చిక్కింది, మజా పోయింది" అని ఒకరు. ఇంకొకరు ఏకంగా "ఆత్మకు శాంతి కలగాలి" అని రాసి పువ్వు పెట్టారు.

డైరెక్టర్ తల పట్టుకున్నాడు. నేనే ఉపాయం చెప్పాను, "ఏడువకు తమ్మీ, పొట్ట కుట్టుకుంట." టైలరమ్మను గదా! పాత కొలతల పుస్తకంలో నా నడుం కొలతే ఉంది. లైనింగు గుడ్డలో దూది కూరి, నాడాలు వేసి, నా పొట్టను నేనే మిషన్ మీద కుట్టుకున్నాను. ఎంత బాగా కుదిరిందంటే, కట్టుకుని అద్దం ముందు నిలబడితే పాత స్నేహితురాలు ఎదురైనట్టు అనిపించింది. రెండు వీడియోలు అలాగే లాగించాం. ఎవరూ కనిపెట్టలేదు. "అత్త మల్ల మంచిగైంది" అని జనం సంబరపడ్డారు.

మూడో వీడియోలో చీపురు పట్టుకుని కోడల్ని పొలం గట్ల మీద తరమాలి. తరిమాను. ఎండ మండుతోంది, చెమటకు నాడా జారింది. సగం గట్టు దాటేసరికి కెమెరా తమ్ముడు "అక్కా ఆగు, నీ పొట్ట ఎన్కకు పోయింది!" అని అరిచాడు. నిజమే, పొట్ట నడుం చుట్టూ తిరిగి వీపు మీద కూర్చుంది. వరి నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు నాట్లు ఆపి మరీ నవ్వారు. నేను గట్టుమీద కూలబడి వాళ్ళకంటే ఎక్కువ నవ్వాను. డైరెక్టర్ ఒక్కడే నవ్వలేదు. ఫోన్‌లో తీసింది మళ్ళీ మళ్ళీ చూసుకుని అన్నాడు:

"నాడా గట్టిగ కడతం, అది సరే. పొట్టకు దూది పెట్టినం. చెంపలకు ఏం పెడతమక్కా?"

నా చెంపలు సన్నబడ్డాయని ఒక మగాడు దిగులుపడడం జీవితంలో మొదటిసారి. పెళ్ళయిన కొత్తలో అయితే మురిసిపోయేదాన్ని.

"ఒక్క పది కిలోలు పెట్టుకో అక్కా. నీకు దండం పెడత" అన్నాడు.

"గట్ల కాదు తమ్మీ, నాకు ఇంకో వేషం ఇయ్యి. మామూలు ఆడమనిషి వేషం. తిట్టుడు వచ్చు, ఏడ్చుడు వచ్చు, నవ్విచ్చుడు వచ్చు గదా."

అతను కాసేపు నిజంగానే ఆలోచించాడు. అబద్ధం చెప్పడం అతనికి రాదు, అదొక మంచిగుణం. "మామూలు మనిషిని ఎవరు చూస్తరక్కా? ఇంటింటికి ఉన్నరు గదా" అన్నాడు.

ఇంటికొచ్చి ఏడ్చాను. కోపమూ వచ్చింది, సిగ్గూ వచ్చింది. నాలుగేళ్ళు నా నోరు చూసి, నా నటన చూసి నవ్వారనుకున్నాను. వాళ్ళు చూసింది తూకమే. అయినా మర్నాడు అతనికి ఫోన్ చేసి సరేనన్నాను. ఇందాక చెప్పిన బుద్ధితక్కువ పని ఇదే. నడక మానేశాను. పాలక్యాన్ పాలకే వాడాను. మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం మిర్చి బజ్జీ, పైన మీఠా. మా ఆయన మొదట వద్దన్నాడు, నేను మీదపడి కరిచాను, ఇక నోరెత్తలేదు. మూడు వారాలు గడిచాయి. చెంపలు మళ్ళీ ఊరడం అద్దంలో చూసుకుని సంతోషించాను కూడా.

ఒక మధ్యాహ్నం దుకాణంలో జాకెట్‌కు హుక్కులు కుట్టాలని సూది తీసుకున్నాను. దారం ఎక్కడంలేదు. దారం కొస తడిచేసి, పదునుగా నలిపి మళ్ళీ పెట్టాను. సూది బెజ్జమే కనబడలేదు. వాకిట్లోకి వెళ్ళి ఎండకు ఎత్తి పట్టుకున్నాను, అక్కడా అంతా మసక. ఇరవై ఏళ్ళుగా మాట్లాడుతూ, తిడుతూ, చూడకుండానే సూదికి దారం ఎక్కించిన చెయ్యి నాది. బడినుంచి వస్తున్న పక్కింటి పాపను పిలిచి ఎక్కించమన్నాను. అది చిటికెలో ఎక్కించి, "అత్తమ్మా, నీకు కనబడ్తలేదా?" అంది. కనబడడం లేదు తల్లీ. ఆ సాయంత్రమే కామారెడ్డి బస్సెక్కాను. డాక్టరు ఈసారి సెల్ఫీ అడగలేదు, నోరారా తిట్టాడు.

చూపు వారంపది రోజుల్లో తిరిగొచ్చింది. డైరెక్టర్‌కు ఫోన్ చేసి నావల్ల కాదన్నాను. "మంచిది అక్కా, పానం పైలం" అన్నాడు. జాగ్రత్త చెప్పిన ఆ గొంతులో కోపం లేదు. రెండు వారాలకు కొత్త లావత్త వీడియో వచ్చింది. నస్రుల్లాబాద్ వైపు పిల్ల, ఇరవై నాలుగేళ్ళుంటాయేమో, నెత్తికి తెల్లరంగు వేసి అత్తను చేశారు. లోపం పట్టుకుందామని నాలుగుసార్లు చూశాను. ఎక్కడా దొరకలేదు. నాకంటే బాగా తిట్టింది ముండ. కడుపు మండిపోయింది.

పోయిన నెల ఆ పిల్ల నా దుకాణానికే వచ్చింది, వేషానికి జాకెట్ కుట్టించుకోవడానికి. నన్ను చూడగానే కాళ్ళకు మొక్కింది. "అక్కా, నీ వీడియోలు చూసే నేర్చుకున్న" అంది. మనసులో ఉన్న మంట అక్కడే సగం చల్లారింది, నేను అంత గట్టిదాన్నేం కాదు. టేపు తీసుకుని కొలతలు మొదలుపెట్టాను. పిల్ల గలగలా మాట్లాడుతోంది. మధ్యలో రెండుసార్లు నీళ్ళడిగి గటగటా తాగింది.

"లోపట గుడ్డ జర ఎక్కువ ఇడువక్కా. ఇంకో పది కిలోలు కావాలన్నడు డైరెక్టరన్న. ఊకె ఊకె కుట్లు ఇప్పి వదులు చేసుకోవాల్సి వస్తది."

"పిల్లా, ఒకసారి షుగర్ చూపిచ్చుకోరాదు?" అన్నాను, టేపు మీదనుంచి కళ్ళెత్తకుండా.

ఆ పిల్ల వాకిలివైపు చూసి గొంతు తగ్గించింది. "చూపిచ్చుకున్న. ఉన్నదన్నరు. అన్నకు మాత్రం చెప్పకు అక్కా, తీసేస్తడు. గిప్పుడిప్పుడే నన్ను అందరు గుర్తుపడ్తున్నరు."

టేపు ఆ పిల్ల నడుం చుట్టూ అలాగే ఉంది. కామారెడ్డి డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోతానంటే నవ్వి, చూద్దాం లే అక్కా అంది. ఎవరికీ చెప్పనని చేతిలో చెయ్యి వేయించుకుంది. డైరెక్టర్‌కు చెప్పలేదు. జాకెట్ వారానికి కుట్టిచ్చాను. లోపల గుడ్డ మాత్రం అరంగుళం కూడా వదల్లేదు.