మూడో ఫొటోతో రాజమండ్రి

పొద్దున్న ఏడు గంటలకు రావులపాలెంలో రాజమండ్రి బస్సెక్కాను. మా రీసెర్చ్ సెంటర్లో పదకొండింటికి నా పీహెచ్‌డీ ఆఖరి సెమినార్. గడువు ఈ నెలతో సరి. కమిటీ ఈరోజు ఒప్పుకోకపోతే, కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఆరేళ్ళు చేసిన పని గోదాట్లో కలిసినట్టే.

నా పని సూర్యుడి పేలుళ్ళ మీద. సూర్యుడి నుంచి ఎగిసిపడిన ఒక వేడి మబ్బును మూడు వ్యోమనౌకలు మూడు వైపుల నుంచి ఫొటో తీశాయి. వాటిని కలిపి మబ్బు అసలు ఆకారం కట్టాలి. కంప్యూటర్లో తీగల బుట్టలాంటిది అల్లాను. రెండు ఫొటోల్లో మబ్బు మీద ఆ బుట్ట అతికినట్టు కూర్చుంది. మూడోదాంట్లో మబ్బుకి ఒక పక్క సొట్ట పడి ఉంది, బుట్ట కుదరలేదు. ఆ ఫొటో తీసేయమని మా గైడు గారు రెండు నెలలుగా పోరు పెడుతున్నారు. నేను తీసేయలేదు సరికదా, దాన్నే ముందు పెట్టాను.

జొన్నాడ వంతెన దాటాక పక్క సీటావిడ నా ల్యాప్‌టాప్‌లోకి తొంగిచూశారు. కడియపులంకలో నర్సరీ ఉందట వాళ్ళకి.

"ఏంటండీ అది, సూర్యుడికి వరదగుడి కట్టిందా? అయితే వానేనండి."

"వరదగుడి కాదండీ. మబ్బుని ఎదురుగా చూస్తే అలా గుండ్రంగా కనిపిస్తుంది. మనవైపు వస్తోందో, అవతలికి పోతోందో తెలీదు. అందుకే పక్కల నుంచి కూడా చూడాలి" అంటూ సొట్ట గొడవ కూడా చెప్పాను.

"ఇద్దరి మాటా కలిసింది కదండీ. మూడోవాణ్ణి ఊరుకోబెట్టి పని కానిచ్చేసుకోండి" అని సలహా ఇచ్చి, నర్సరీల దగ్గర దిగిపోయారు. గైడు గారే చీర కట్టుకొచ్చి చెప్పినట్టనిపించి నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది.

రాజమండ్రి బస్‌ కాంప్లెక్సులో దిగి పెసరట్టు తిని, ఆటోలో సెంటర్‌కి చేరాను. మూడో ఫొటో తెర మీదికి రాగానే గైడు గారు కమిటీ వైపు తిరిగారు.

"తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటుందండి ఈ అమ్మాయి."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"నాలుగు కాళ్ళూ ఉన్నాయనే నేనంటున్నాను సార్. ఒకటి నరికేయమంటున్నది మీరు."

ఆ సొట్ట ఎందుకు పడిందో చెప్పగలవా అని కమిటీలో పెద్దాయన అడిగారు. ఇంకా తెలియదండి, తెలియనంత మాత్రాన దాచను అన్నాను. వాళ్ళు ఏమీ తేల్చకుండానే లేచారు.

మూడింటికి ఒక రోజ్ మిల్క్ తాగి తిరుగు బస్సెక్కాను. వేమగిరి దాటుతుండగా గైడు గారి ఫోన్ వచ్చింది.

"ఆ ఒక్క ఫొటో తీసేయమ్మా. సాయంత్రమే సంతకాలు పెట్టించేస్తాను."

"తీసేయనండి."

"డిగ్రీ పోతుందమ్మా."

"పోనివ్వండి సార్. బుట్టకి సరిపోలేదని సూర్యుణ్ణి కత్తిరించలేను."

ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. ఆ ఏడుపుతోనే ల్యాప్‌టాప్ తెరిచి, నా పనంతా ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టేశాను. నా తర్వాత ఈ దారిన వెళ్ళేవాళ్ళకి చెప్పేదొకటే. బస్సులు బోలెడున్నాయి, సీటు దొరుకుతుంది. ఫొటోలు మాత్రం మూడూ పట్టుకెళ్ళండి.