ఎదురుకాళ్ళ అత్త

మా అత్త పోయింది. నెల కూడా కాలేదు. మధ్యాహ్నం సంగటి తిని మంచం మీద వాలిన మనిషి, టీ పెట్టి లేపితే లేవలేదు. గుండె ఆగిందన్నారు. ఇది చదివేవాళ్ళలో ఎర్రగుంట్లలో మా వీధివాళ్ళుంటే ఆమె గురించి వేరే చెప్పక్కర్లేదు. మీలో సగంమంది నడుములు ఆమె కాలు తగిలినవే.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పుట్టేటప్పుడు తల కాకుండా కాళ్ళు ముందు వచ్చినవాళ్ళను ఎదురుకాళ్ళతో పుట్టారంటాం. నడుము పట్టినా, మెడ పట్టినా అలాంటివాళ్ళు ఎడమకాలితో మూడుసార్లు తాకితే తగ్గుతుందని మావైపు నమ్మకం. మా అత్త అలా పుట్టిన మనిషి. సిమెంటు మూటలెత్తేవాళ్ళు, లారీ డ్రైవర్లు పొద్దున్నే వంకరగా నడుచుకుంటూ వచ్చి మా వాకిట్లో బోర్లా పడుకునేవాళ్ళు. ఆమె గోడ పట్టుకుని కాలు ఆనించేది. తర్వాత పెనం మీద రాళ్ళుప్పు వేయించి, పాత చీర ముక్కలో మూటగట్టి కాపడం పెట్టేది. "నొప్పిని బుజ్జగించల్లప్పా, బెదిరించగూడదు" అనేది. ఇదంతా అవిశ్వాసమని మందిరంలో కసిరిన పాస్టరయ్య కూడా ఒకరోజు నీళ్ళ బిందె ఎత్తబోయి నడుము పట్టుకుని వచ్చాడు. "మీరు మనసులో ప్రార్థన చేసుకుంటాండండి అయ్యగారా, నేను కాలు పెడతాంటా" అంది, నవ్వకుండా.

నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. రోజంతా మిషను మీద వంగితే మెడ బిగుసుకుపోతుంది. ఆస్పత్రిలో ఫిజియోథెరపీ మేడం చెప్పిన మాట ఇంటికి మోసుకొచ్చాను: అప్పుడే బెణికి వాచిన చోట మొదట గుడ్డలో చుట్టిన ఐసు పెట్టాలి, బిగుసుకుపోయిన పాత నొప్పికి వేడి పెట్టాలి. ఇంతే. చిన్న మాట. మా అత్తకు ఎక్కితేనా!

మా ఆయన సిమెంటు లారీ దిగుతూ జారి, నడుము బెణికి వాపుతో వచ్చిన రోజు నేను ఐసు తెచ్చేసరికి ఆమె ఉప్పుమూట పట్టుకుని అడ్డంగా నిలబడి ఉంది.

"అత్తా, ఇది కొత్త దెబ్బ. వాపు మీద వేడి పెడితే ఇంకా ఎక్కువైతాది."

"ఐసు సచ్చినోళ్ళకు పెడతారే, బతికినోళ్ళకు కాదు. నా కొడుకు బతికే ఉండాడు."

నా చేతిలోని గిన్నె లాక్కుని ఐసు కాలవలో పారబోసింది. తెల్లారేసరికి వాపు ఇంకా పెరిగింది. "ఎవురో కన్ను పెట్టినారు" అంది నావైపు చూస్తూ. నాకు ఒళ్ళు మండిపోయింది.

అన్నీ మొండితనాలేనని కాదు. సాయంత్రం నా పక్కన కూర్చుని, "హుక్కులు నేను కుడతాలే, నువ్వు మెడ ఎత్తు మే" అని జాకెట్లు తన ఒళ్ళోకి లాక్కునేది. నా మెడకు ఆమె పెట్టిన కాపడం హాయిగానే ఉండేది. నాది పాత నొప్పే కాబట్టి అక్కడ ఆమెదే రైటు. ఆ రుణం నేను మరవలేను.

నన్ను ఇప్పటికీ కాల్చేది వేరే ఉంది. వయసులో నాపరాళ్ళు మోసిన నడుము ఆమెది. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. నేను కాపడం పెడతానంటే ఒప్పుకోదు.

"కాలు పెట్టకుండా ఉత్త కాపడం ఏం పనిజేస్తాది? ఎదురుకాళ్ళదానికి కాలు పెట్టేవాళ్ళు యాడుండారే?"

"నేను పెడతా."

"నువ్వు అందరి మాదిరి తలతో పుట్టినావు. పనికిరావు పో."

ఎవరూ లేనప్పుడు తానే వేడిమూట వీపు కింద పెట్టుకుని పడుకునేది. ఎంత వేడో చూసుకునే తెలివి ఉండదు. నడుము మీద చర్మం పెనం అడుగులా నల్లబడింది. అది చూసినప్పుడల్లా తిట్టేదాన్ని, తిట్టి వంటింట్లోకి పోయి ఏడ్చేదాన్ని. వీధిలో అందరి నడుములూ చూసిన మనిషి, నాకు ఒక్కసారి వీపు అప్పగిస్తే ఆమె సొమ్మేం పోయేది?

పోయిన రోజు మా ఆయన లోడుతో దూరం వెళ్ళి ఉన్నాడు. ఆయన వచ్చేదాకా ఉంచాలని ఐసు పెట్టె తెప్పించారు. ఆమె అన్న మాట గుర్తొచ్చి నేను ఆ పెట్టె వైపు చూడలేకపోయాను. వచ్చేవాళ్ళకు కుర్చీలు మోయడం, నీళ్ళు తోడటం, నిద్ర లేకపోవడం... మా ఆయన వచ్చి ఆమెను పెట్టెలోంచి బయటికి తీసి పడుకోబెట్టే వేళకు నా మెడలో నరం కలుక్కుమంది. అత్త కాళ్ళ మీద పడి ఏడ్చాను గానీ మళ్ళీ తల ఎత్తలేకపోయాను.

పక్కింటి అక్క అలవాటుకొద్దీ, "మెడ పట్టిందా మే? ఉండు, మీ అత్తతో కాలు పెట్టిచ్చుకో" అంది. అనేసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నేను జరిగి ఆ ఎడమ పాదం కింద మెడ పెట్టాను. గడ్డకట్టిన నీళ్ళలా ఉంది పాదం. నా ఐసంతా కాలవపాలు చేసిన మనిషి చివరికి నాకు ఐసే పెట్టింది. కొత్త నొప్పికి చలువే పెట్టాలని ఇన్నేళ్ళు ఆమెతో పోట్లాడింది నేనే. నొప్పి మాత్రం తగ్గలేదు. సమాధుల దగ్గరికి ఎత్తాలని మగవాళ్ళు వచ్చి నిలబడ్డా, నేను ఆ పాదం కింది నుంచి మెడ తీయలేదు.