నవత కుడిభుజం

బెల్లంపల్లిలో పదకొండేళ్లుగా అమ్మాయిలకు బేస్‌బాల్ నేర్పుతున్నాను. నా పేరు సృజన, సర్కారు బడిలో వ్యాయామం టీచరును. నోరు పెద్దది. మేడంకు విజిల్ దండగ అని పిల్లలు చాటుగా నవ్వుకుంటారు, నవ్వుకోనీ. క్రికెట్ ఉండగా ఇదేం ఆట అని అడిగినవాళ్లకు నేనెప్పుడూ జవాబు చెప్పలేదు. మైదానం దగ్గరికి పిలిచి నవతను చూపించేదాన్ని.

నవతది బెల్లంపల్లికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె. తండ్రి కొమురెల్లి మస్కట్‌లో పనిచేస్తాడు. ఇంటి దగ్గర తల్లి ఐలవ్వ, నాలుగెకరాల పత్తి, కొంచెం మక్కజొన్న. ఎనిమిదో తరగతిలో మా బడికి వచ్చిన కొత్తలో ఆ పిల్ల నోరు విప్పేది కాదు. ఒక మధ్యాహ్నం కోతులమంద గోడ ఎక్కి పిల్లల అన్నం డబ్బాల మీద పడింది. అందరూ అరుస్తున్నారు, అందరికంటే గట్టిగా నేను అరుస్తున్నాను. నవత ఒక రాయి తీసి విసిరింది. అంత దూరాన గోడ మీద పెద్దకోతి ముందున్న డబ్బా ఎగిరి అవతల పడింది. మంద మొత్తం పరార్.

"కోతికి తగిలితే ఏమయితుండె పిల్లా?" అని కసిరాను.

"తగలదు మేడం. తగలకుంటనే కొట్టాలె. మక్కచేను కాడ నాకు రోజూ గిదే పని," అంది.

మర్నాడే ఆ చేతిలో బంతి పెట్టాను. ఈ ఆటలో బంతి వేసే పిల్ల బాగుంటే సగం గెలిచినట్టే. నవత వేస్తుంటే ఎదుట బ్యాటు పట్టిన పిల్లలు బంతి దాటిపోయాక బ్యాటు ఊపేవాళ్లు. ఇంటర్‌కు వచ్చేసరికి మా ప్రాణహిత బేస్‌బాల్ సంఘం జట్టుకు ఆమే దిక్కు. డిగ్రీ చదువుతూ కూడా వారానికి నాలుగు రోజులు తెల్లారకముందే ఆటోలో వచ్చేది. ఆలస్యమైతే నేను తిట్టేదాన్ని, ఆమె మూతి ముడుచుకుని మైదానం చుట్టూ పరుగెత్తేది. ఆ పిల్లకు కావలసింది ఒక్కటే. నాలాగ వ్యాయామం టీచరు కావాలి. మూడో ఏడు కూడా రాష్ట్ర టోర్నీలో ఆడితే వ్యాయామవిద్య కోర్సులో క్రీడాకోటా సీటు వస్తుందని ఆశ. ఈ జనవరిదే ఆ మూడో టోర్నీ.

నిరుడు జనవరి టోర్నీలోనే భుజం పోయింది. మూడు రోజుల్లో ఐదు మ్యాచులు. ఐదూ నవతే వేసింది. సెమీఫైనల్లో ఓడి తిరిగొస్తుంటే రైల్లో ఆ పిల్ల ఎడమచేత్తో అన్నం తింది. నొప్పి తగ్గుతుంది, తగ్గుతుంది అని జూన్ దాకా చూసి, చివరికి కరీంనగర్ తీసుకెళ్లి స్కానింగ్ చేయించాను. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువు సగం చిరిగిందని అక్కడి డాక్టరు చెప్పాడు. ఆరు నెలలు బంతి ముట్టొద్దన్నాడు. మళ్లీ చిరిగితే ఆట మాట దేవుడెరుగు, ఆ చేత్తో తల దువ్వుకోవడం కూడా కష్టమేనన్నాడు.

నవత చెప్పినట్టే చేసింది. కిటికీ ఊచకు సైకిల్ ట్యూబు కట్టి రోజూ పొద్దున లాగేది. బంతి వైపు చూసేది కూడా కాదు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

డిసెంబరులో జట్టు పేర్లు రాయడానికి కూర్చున్నాం. నేనూ, సంఘం కార్యదర్శి కొండల్‌రావూ. మంచిర్యాలలో మంచి పేరున్న ఆసామి. జట్టుకు ప్రయాణం, బస అన్నీ ఆయన చేతిమీదే. బంతి వేయడానికి నా దగ్గర ఇంకో పిల్ల ఉంది, గంగుబాయి, ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చింది. బలంగా వేస్తుంది కానీ బంతి ఎటు పోతుందో ఆమెకే తెలియదు. కొండల్‌రావు కాగితం తీసుకుని మొదటి పేరే నవతది రాశాడు.

"సార్, ఆ పిల్ల భుజం ఇంకా డాక్టరుకు చూపెట్టాలె," అన్నాను.

"ఆరు నెలలు అయిపోయినయి గద మేడం! ఫికర్ చెయ్యకుండ్రి. రెండు మ్యాచులు ఏపిద్దాం, కప్పు మనదే."

ఒళ్లు మండిపోయింది. ఈయన కూతురు మధులిక మా జట్టులోనే రెండో బేసు దగ్గర ఆడుతుంది. మంచి పిల్లే, ఆటా వచ్చు. వానాకాలంలో ఆమె చీలమండ బెణికితే ఈయన రెండు నెలలు మైదానం వైపు పంపలేదు. ఇంటికే ఫిజియోను పిలిపించాడు. మెట్లు కూడా ఎక్కనివ్వలేదట. నేను తప్పనలేదు, కన్నతండ్రి అన్నాక ఆ మాత్రం చేయాలి. కానీ నవత భుజానికొచ్చేసరికి ఆరు నెలలు అయిపోయాయని వేళ్లు మడిచి చూపిస్తాడా?

"మధులికను గిట్లనే ఆడిపిస్తరా సార్?" అని అడిగేశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఫిట్‌నెస్ కాగితం తెండ్రి, గంతే," అన్నాడు.

ఆ ఫిట్‌నెస్ కాగితాల సంగతి చెప్పాలి. ప్రతి ఏడూ టోర్నీకి ముందు నేను పద్దెనిమిది కాగితాలు కట్టగట్టి ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళతాను. పిల్లలు రారు. ఆయన టీ తాగుతూ, ఫోన్లో మాట్లాడుతూ, పద్దెనిమిదింటి మీదా సంతకాలు పెడతాడు. చూపు, గుండె, ఎముకలు, కీళ్లు అన్నీ బాగున్నట్టు. అన్ని జట్లూ చేసేది ఇదే. నేనూ పదేళ్లు చేశాను. నిరుడు నవత కాగితం కూడా ఆ కట్టలోనే ఉంది.

ఈసారి కట్టతో పాటు పద్దెనిమిది మంది పిల్లల్నీ మూడు ఆటోల్లో ఎక్కించి తీసుకెళ్లాను. డాక్టరు వరండాలోకి వచ్చి చూసి బెదిరిపోయాడు.

"ఏంది మేడం, ధర్నానా?"

"సంతకం పెట్టేముందు ఒక్కొక్కల్ల చెయ్యి పట్టి చూడుండ్రి సార్. చూసేదాక గీడికెల్లి కదల."

తిట్టుకుంటూనే చూశాడు. నవత వంతు వచ్చింది. చేయి పైకెత్తమన్నాడు. భుజం ఎత్తు దాకా లేచి ఆగిపోయింది. ఆ పిల్ల పళ్లు బిగించి ఇంకా ఎత్తబోతే కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా నొప్పి లేదని అబద్ధమాడింది. డాక్టరు భుజం మీద వేలు పెట్టి నొక్కగానే కుర్చీలోంచి లేచిపోయింది. కరీంనగర్ కాగితాలు చూసి, ఇది మానలేదు, ఇంకా ముదిరింది అన్నాడు. సంతకం పెట్టలేదు.

ముదరడమేంటి? ట్యూబు వ్యాయామాలు చేసింది, బంతి ముట్టలేదు. ఆ సాయంత్రమే ఆటో మాట్లాడుకుని వాళ్ల ఊరికి వెళ్లాను. వసారాలో, గదిలో, మంచం కింద కూడా పత్తి కుప్పలే. ఐలవ్వ కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు.

"గింత పత్తి ఎవలు ఏరిండ్రు ఐలవ్వా?"

"నేనూ నవతనే మేడం. కూలోళ్లు దొరుకుతలేరు. వాన మబ్బు పట్టె, నెలన్నర రాత్రిపగలు అనకుంట ఏరినం."

"మూటలు ట్రాక్టర్ మీదికి ఎత్తింది ఎవలు?"

"నవతనే. నాకు నడుము లేవది గద." నా ముఖం చూసి ఆమె గొంతు తగ్గించింది. "డాక్టరు సారు బాల్ ముట్టొద్దన్నడు మేడం. ఒట్టు, ఒక్కనాడు ముట్టలే. నేను ముట్టనియ్యలే. పత్తి మూట ఎత్తొద్దని ఎవ్వలు జెప్పలే."

తల కంటే ఎత్తుకు, నెలన్నర రోజులు, పత్తి మూటలు! నేను అరిచిన అరుపులకు పక్కింటివాళ్లు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. పిల్ల చెయ్యి పాడుచేసినవ్, పిల్ల బతుకు పాడుచేసినవ్ అన్నాను. ఐలవ్వ తల వంచుకుని కింద పడ్డ పత్తి ఏరుతోంది. తలుపు దగ్గర నిలబడ్డ నవత మాత్రం నా వైపే చూస్తోంది. ఆ చూపు నాకు నచ్చలేదు కానీ అప్పుడు అర్థం కాలేదు.

మర్నాడు నా చేత్తోనే నవత పేరు కొట్టేసి, బంతి వేసే చోట గంగుబాయి పేరు రాశాను. కొండల్‌రావు ఫోన్లో గట్టిగా మాట్లాడాడు, నేను అంతకంటే గట్టిగా మాట్లాడాను. వేరే డాక్టరు సంతకం తాను పెట్టిస్తానన్నాడు. నవత రైలెక్కితే నేను ఎక్కనన్నాను. టీచరు లేకుండా ఆడపిల్లల జట్టును పంపనివ్వరు. దాంతో దిగొచ్చాడు. గెలిచానని ఆ పూట సంతోషపడ్డాను కూడా.

టోర్నీ వరంగల్‌లో. మంచిర్యాల స్టేషన్లో పిల్లలంతా సంచులతో చేరారు. రైలు ఇంకో పది నిమిషాల్లో వస్తుందనగా నవత వచ్చింది. జట్టు చొక్కా వేసుకుంది, ఎడమభుజానికి సంచి తగిలించుకుంది. కొండల్‌రావు నా వైపు, ఆమె వైపు చూసి నాలుగడుగులు వెనక్కి జరిగాడు. ఆయన పిలిపించాడో, తనే వచ్చిందో నాకు తెలియదు. మళ్లీ కోపం తన్నుకొచ్చింది.

"ఇంటికి పో నవతా. చెయ్యి శాశ్వతంగ పోతది."

"చెయ్యి నాది మేడం. నా సీటు పోతది, గా సంగతి ఎవ్వలకు పట్టదు."

"సీటు వచ్చేయేడు జూద్దాం. ముందు భుజం మాననియ్యి. గీ కొండల్‌రావు సారు అసొంటోళ్లు నిన్ను పిండి పారేస్తరు, నేనుండంగ గట్ల కానియ్య!"

ఆమె నవ్వింది. అంత చేదు నవ్వు ఆ వయసు పిల్ల ముఖంలో నేను చూడలేదు.

"కొండల్‌రావు సారు నిరుడు మైదానం కాడికే రాలే మేడం. సెమీఫైనల్ల నాలుగో ఇన్నింగ్స్ అయినంక నేనే మీ దగ్గరికొచ్చిన. చెయ్యి లేస్తలేదని చెప్పిన. మా అవ్వ మీద ఒర్రిండ్రు గద, ఊరంత ఇనేటట్టు. గా పొద్దు మీరేమన్నరో జర చెప్పుండ్రి, ఈల్లంత ఇంటరు."

పిల్లలందరూ నా వైపు తిరిగారు. గంగుబాయి కూడా. నోరు పెద్దదని పేరున్నదాన్ని, రైలు వచ్చే వైపు చూశాను.

నవత సంచి కింద పెట్టి, అందరి ముందూ, అచ్చం నా గొంతుతో ఆ మాటలు తానే చెప్పింది.

"'గింత నొప్పికే ఏడుస్తరా? ఇంకో మూడు ఇన్నింగ్స్‌లు ఓర్చుకో బిడ్డా, ఫైనల్ మనదే.'"

అవి నా మాటలే.